అలిగిన రోజున పేర్చిన బతుకమ్మ

ఎల్బీనగర్ పోలీసు స్టేషన్
తేదీ: 3 అక్టోబరు 2011, సోమవారం

నా పేరు వేదవతి. వయసు నలభై నాలుగు. భర్త పేరు మురళీకృష్ణ. ఉస్మానియాలో ఎం.ఏ. ఆర్థికశాస్త్రం చదివాను. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్చరర్‌ని. సకలజనుల సమ్మె వల్ల కాలేజీ ప్రస్తుతం మూసి ఉంది. నివాసం చంపాపేట్ దాటాక శిల్పాంజలి కాలనీ. స్వస్థలం ఏదని రైటరు గారు అడిగారు. నేను పుట్టింది మలక్‌పేటలో. మా నాన్న పుట్టింది తెనాలి దగ్గర. ఈ రెంటిలో ఏది రాయాలో మీరే నిర్ణయించుకోండి.

నేను చెబుతుండగా రైటరు గారు రాసిన మొదటి కాగితంలో "పక్షుల విషయమై వాగ్వివాదం జరిగి" అని ఉంది. వాగ్వివాదం జరగలేదు. అందుకని ఎస్.ఐ. గారి అనుమతితో ఈ వాంగ్మూలం నా చేత్తో నేనే రాస్తున్నాను. కరెంటు లేదు కనక కిటికీ పక్కన కూర్చున్నాను. కాగితం మీద అక్కడక్కడ ఉన్న పసుపు మరకలు నా వేళ్ళవి. నిన్నటినుంచి ఎంత కడిగినా పోవడం లేదు.

నా మీద ఫిర్యాదు ఇచ్చింది మా కాలనీ సంక్షేమ సంఘం కార్యదర్శి త్రినాథరావు గారు. నిన్న ఉదయం కుంట దగ్గర సంఘం పనిని ఆపాలన్న ఉద్దేశంతో, బతుకమ్మ పేర్చకూడని రోజున బతుకమ్మను పేర్చి, జేసీబీ దారికి అడ్డంగా పెట్టి అవమానించానని అందులో ఉంది. నాకు చదివి వినిపించారు. పేర్చింది నేనే. పెట్టింది నేనే. పని ఆపాలన్న ఉద్దేశం నిజమే. పేర్చకూడని రోజన్నదీ నిజమే, కాని అది నాకు తెలియదు. అవమానం అన్న మాట దగ్గర మాత్రం నా కలం ఆగిపోతోంది. దానికి ఔనని రాయలేను, కాదనీ రాయలేను. అందుకే మొదటినుంచి రాస్తున్నాను.

మా కాలనీ వెనక తుంగకుంట ఉంది. ఒకప్పుడు పెద్దదట. ఇప్పుడు ఒక పక్క అపార్ట్‌మెంట్ల ప్రహరీగోడ, ఇంకో పక్క నాలా. మధ్యలో మిగిలినదే కుంట. సగం నీళ్ళు, సగం జమ్ము. జమ్ము అంటే నీళ్ళలో మనిషెత్తున పెరిగే గడ్డి. ఒడ్డున తుమ్మచెట్లు, వాటి కొమ్మలకు నీళ్ళమీదికి వేలాడే గిజిగాళ్ళ గూళ్ళు. మా వంటింటి కిటికీ ఆ వైపే ఉంటుంది. కిటికీ చూసి ఆ ఇల్లు కొన్నామని చెప్పను. కొన్నాక ఆ కిటికీ దగ్గర నిలబడటం అలవాటైంది. పాలు పొంగిపోయిన రోజులు చాలా ఉన్నాయి.

నేను పక్షుల శాస్త్రం చదువుకోలేదు. ఊదారంగు నీటికోళ్ళకు ముక్కు ఎర్రగా ఉంటుందని, నడిచేటప్పుడు తోక కింద తెల్లగా మెరుస్తుందని చూసి తెలుసుకున్నాను. నీళ్ళలో మునిగి ఇంకోచోట తేలే చిన్న పక్షిని బుడుబుంగ అంటారని మాత్రం అండాలమ్మ గారు చెప్పారు. ఆవిడ మా సంఘం అధ్యక్షుడు జానయ్య గారి తల్లి, మా ఎదురింటావిడ, నల్లగొండ దగ్గరి పల్లెనుంచి వచ్చినవారు.

బుడుబుంగ గూడు గురించి విడిగా రాయాలి. అది జమ్ము మొదళ్ళ దగ్గర నీళ్ళమీద తేలుతూ ఉంటుంది. తడిసి కుళ్ళిన గడ్డికుప్పలా ఉంటుంది. తల్లి గుడ్ల మీదనుంచి లేచిపోయేటప్పుడు ముక్కుతో తడిగడ్డి లాగి వాటిని కప్పేసి పోతుంది. అప్పుడు ఎవరు చూసినా కనిపించేది చెత్త. మొదట్లో నేనూ చెత్తే అనుకున్నాను. సంఘం వాళ్ళు వచ్చి చూసినప్పుడు కూడా వాళ్ళకు చెత్తే కనబడింది. "మేడం, మేము చూసినం, అంత చెత్తనే" అన్నారు. వాళ్ళు అబద్ధం చెప్పలేదు.

ఇక సంఘం పని సంగతి. జానయ్య గారు ప్రభుత్వోద్యోగి. సెప్టెంబరు 13 నుంచి సమ్మెలో ఉన్నారు. ఇంట్లో ఊరికే కూర్చోగలిగే మనిషి కాదు. పొద్దున టెంటు కింద దీక్షలో కూర్చుని వచ్చి, సాయంత్రం కాలనీలో ఏ మురుగు మోరీ నిండిందో, ఏ లైటు వెలగడం లేదో చూసుకుంటూ తిరిగేవారు. కాలనీ ఒకప్పటిలా లేదన్న సంగతి ఆయనకు అందరికంటే ఎక్కువ బాధ. పోయిన ఏడు వినాయకుడి మండపాలు రెండయ్యాయి, నల్లగొండ వాళ్ళది ఒకటి, కోస్తా వాళ్ళది ఒకటి. రెండు మైకులు ఒకదాని మీద ఒకటి అరుచుకున్నాయి. ఈ ఏడు అలా కాకూడదని ఆయన ఒక ఆలోచన చేశారు. కుంటలో జమ్మంతా తీసి, ఒడ్డు చదును చేసి, మెట్లతో బతుకమ్మ ఘాట్ కట్టి, చుట్టూ నడిచే బాట వేసి, చివరి రోజైన సద్దుల బతుకమ్మ నాడు కాలనీ ఆడవాళ్ళంతా, ఏ ప్రాంతం వాళ్ళైనా, ఒకేచోట ఆడాలి. ముందుగా చేయి కలిపింది కోస్తా వారైన త్రినాథరావు గారే. మా వైపు వాళ్ళు చాలామంది ఊపిరి పీల్చుకున్నారు. మా ఆయన కూడా. చాలా నెలల తర్వాత అందరూ ఒక పనికి సరేనన్నారు.

ఆ పని చెడ్డదని నేను ఎక్కడా అనలేదు. ఇప్పుడూ అనడం లేదు. ఈ మాట దయచేసి కొట్టెయ్యకండి.

సెప్టెంబరు 25 ఆదివారం సాయంత్రం త్రినాథరావు గారి అపార్ట్‌మెంట్ సెల్లారులో మీటింగ్ జరిగింది. నేను లేచి, జమ్ములో గుడ్లున్నాయి, తుమ్మ కొమ్మల గూళ్ళలో పిల్లలున్నాయి, ఈ ఏడు వానలు ఆలస్యం కావడంతో అన్నీ ఆలస్యమయ్యాయి, కొన్నాళ్ళు ఆగుదాం అన్నాను. ఎన్నాళ్ళు అని అడిగారు. పది రోజులో పదిహేను రోజులో నాకు సరిగ్గా తెలియదన్నాను. తెలిసినట్టు చెప్పి ఉంటే బాగుండేదేమో.

వెనకనుంచి ఎవరో, "మేడం, మీ బుడుబుంగలు లోకలా, నాన్‌లోకలా?" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

"వోటరు లిస్టుల పేరుందా అడుగున్రి" అన్నారు ఇంకొకరు.

జానయ్య గారు నవ్వలేదు. "మేడం, మీరు సదువుకున్నోళ్ళు. పోయినేడు మా బిడ్డ డెంగ్యూతోని దవాఖానల పడుండె. మీకెర్కే. ఆ జమ్ముల దోమలు మీ పక్షులు తింటయా?" అన్నారు.

తింటాయో లేదో నాకు తెలియదు. కొన్ని తింటాయనుకుంటాను. ఆ అమ్మాయి ఆసుపత్రిలో ఉన్నప్పుడు నేనూ వెళ్ళి కూర్చున్నాను. అందుకని దోమల మీద వాదించలేదు. తూర్పు పక్క బర్రెలను కడిగే బండ ఉంది కదా, అక్కడ జమ్ము లేదు, ఘాట్ అక్కడ కట్టుకుందాం అన్నాను. ఆ పక్క నాలా మురికి వచ్చి కలుస్తుందన్నారు. అదీ నిజమే. గౌరమ్మను మురికినీళ్ళలో వదలమని ఎవరికి చెప్పగలను? కూర్చున్నాను.

సెప్టెంబరు 27, పండగ మొదటి రోజైన ఎంగిలిపూల బతుకమ్మ నాడు అండాలమ్మ గారు నన్ను పిలిచి తమ వాకిట్లో కూర్చోబెట్టుకుని పూలు పేర్చారు. తంగేడు, గునుగు, గుమ్మడిపూలు, చివర పసుపుతో చేసిన గౌరమ్మ. నేను పూల కాడలు కోసి ఇచ్చాను. చోటు సరిపోలేదని ఆవిడ కోడలు పళ్ళెం ఎత్తి అటు జరపబోతే అండాలమ్మ గారు చేతి మీద ఒక్కటి వేశారు. "గౌరమ్మను నిలిపినంక ఆడకుండ కదపొద్దు. ఎన్నిసార్ల చెప్పాలె నీకు?" అన్నారు. ఆ మాట నా మనసులో పడింది. అప్పుడు దానితో ఏదో చేద్దామన్న ఆలోచన లేదు. లేదనే అనుకుంటున్నాను.

అక్టోబరు 1 సాయంత్రం జేసీబీ వచ్చి కాలనీ చివర ఆగింది. మున్సిపాలిటీ వాళ్ళు సమ్మెలో ఉన్నారు కనక ప్రైవేటు బండి మాట్లాడారు. డ్రైవరు పేరు సైదులు. మర్నాడు గాంధీ జయంతి, ఆదివారం, శ్రమదానం. బండి ఆ ఒక్కరోజే దొరికిందని, సాయంత్రానికల్లా తుర్కయంజాల్‌లో ఏదో వెంచరు పనికి వెళ్ళిపోవాలని జానయ్య గారు అందరికీ చెప్పారు. ఆ ఒక్కరోజు గడిస్తే చాలునని నాకు అప్పుడే తోచింది.

రాత్రి నిద్ర పట్టలేదు. మా ఆయన, "నీకెందుకు వేదా? అసలే మనం ఎలా ఉంటున్నామో చూస్తున్నావుగా" అన్నారు. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు.

నిన్న తెల్లవారుజామున కుంట ఒడ్డుకి వెళ్ళి తంగేడు, గునుగు కోశాను. ఇంట్లో స్టీలు పళ్ళెంలో గుమ్మడాకులు పరిచి పేర్చాను. పేర్చడం అదే మొదటిసారి. ఒక పక్కకు ఒరిగింది. గౌరమ్మ కోసం కలిపిన పసుపుముద్ద నిలబడక జారిపోతుంటే కొంచెం గోధుమపిండి కలిపాను. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

ఉద్దేశం గురించి అడిగారు. జేసీబీ ఆపాలనే మొదలుపెట్టాను. కాని పేరుస్తున్నంతసేపూ జేసీబీ గుర్తు రాలేదు. పువ్వు పక్కన పువ్వు పెట్టడమే. మధ్యలో ఆకులు కూరి మళ్ళీ పువ్వు పక్కన పువ్వు. కుంటలోకి బండి దిగడానికి ఒకే దారి ఉంది, ప్రహరీకి నాలాకి మధ్య ఏటవాలు దారి. దాని నడిమధ్య నేలను తుడిచి, నీళ్ళు చల్లి, పళ్ళెం పెట్టి, పైన గౌరమ్మను నిలిపాను. నిలిపాక చేతులు జోడించాను. అక్కడ ఎవరూ లేరు. ఎవరూ చూడనప్పుడు ఎందుకు జోడించానో చెప్పలేను. నమ్మకం ఉందా అని ఎస్.ఐ. గారు అడిగారు. లేదని ఇంతకాలం అనుకున్నాను. ఆ చేతుల సంగతి నాకు తెలియదు.

ఏడు గంటలకు అందరూ పారలు, గంపలు పట్టుకుని వచ్చారు. కుర్చీలో గాంధీగారి ఫోటో పెట్టి దండ వేశారు. మైకు పెట్టారు. సైదులు బండి స్టార్టు చేసి దారి మొదట్లోకి తెచ్చి ఆపేశాడు. కిందికి దిగాడు. చెప్పులు విడిచాడు.

"ఏమైంది సైదులూ?" అన్నారు జానయ్య గారు.

"సార్, అమ్మ కూసున్నది."

"ఏ అమ్మ?"

"గౌరమ్మ సార్. సూడున్రి. నేనైతె ఎక్కియ్య. మా అవ్వకు దెలిస్తె ఇంట్లకు రానియ్యది."

ఆడవాళ్ళు దగ్గరికి వచ్చారు. వాళ్ళలో ఒకావిడ గుండెల మీద చెయ్యి పెట్టుకుని, "ఇయ్యాల అలిగిన బతుకమ్మ గదనే! ఇయ్యాల ఎవలు పేర్చిండ్రు?" అన్నది.

నాకు అప్పుడు తెలిసింది. తొమ్మిది రోజుల్లో ఆరో రోజున బతుకమ్మ అలిగి ఉంటుందని, ఆ రోజు ఎవరూ పేర్చరని, ఆడరని. ఇన్నేళ్ళు వాళ్ళ ఎదురుగా ఉండి ఆ ఒక్కరోజు వాకిళ్ళు ఖాళీగా ఉండటం నేను గమనించలేదు. పక్షి ఏ రోజు గుడ్ల మీదనుంచి లేవలేదో గమనించాను.

ఆ తర్వాత జరిగింది జాగ్రత్తగా రాస్తున్నాను. తెలంగాణ వాళ్ళ ఇళ్ళలో ఆ రోజు ఎవరూ పేర్చరు. మా ఇళ్ళలో ఏ రోజూ ఎవరూ పేర్చరు. కనక ఆ బతుకమ్మను ఎవరూ పేర్చలేదని అందరికీ అనిపించింది. "అలిగొచ్చి ఈడ కూసున్నది తల్లి" అని ఎవరో అన్నారు. ఇంకెవరో కర్పూరం తెచ్చారు. మైకు ఆపేశారు. సైదులు బండి ఇంజను కూడా ఆపేశాడు. జమ్ములోంచి నీటికోడి కూత వినిపించింది. ఆ క్షణంలో నాకు సంతోషం వేసింది. నిజం రాయాలి కనక రాస్తున్నాను. నేను నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. ఈ రోజు ఇక్కడ కూర్చుని రాసే పనే ఉండేది కాదు.

అప్పుడు త్రినాథరావు గారు చెమర్చిన కళ్ళతో చేతులు జోడించి, "జానయ్య గారూ, అమ్మవారు తనంతట తానే వెలిసిందండీ. ఇక ఘాట్ ఒక్కటే కాదు, ఇక్కడ చిన్న గుడి కట్టేద్దాం. స్లాబు పని నేను దగ్గరుండి చూసుకుంటాను" అన్నారు. జానయ్య గారు ఆయన చేతులు పట్టుకున్నారు. వాళ్ళిద్దరూ అలా చేతులు పట్టుకోవడం నేను చూసి చాలా కాలమైంది. ఇద్దరూ నడిచి కొలవడం మొదలుపెట్టారు. గర్భగుడి ఇక్కడ, ముందు మండపం అక్కడిదాకా, పక్కన బోరు. అక్కడిదాకా అని త్రినాథరావు గారు వేలు పెట్టి చూపించిన చోట చెత్త ఉంది. ఆ చెత్త మీద, ఆ చెత్త రంగులోనే, బుడుబుంగ కూర్చుని ఉంది. వాళ్ళకు కనబడలేదు.

జేసీబీ ఒక్కరోజు ఉండి పోతుంది. గుడి పోదు. నేను తలుచుకున్నది బండిని ఆపడం. నా చేత్తో నేను తెచ్చిపెట్టింది గుడిని.

"నేనే పేర్చాను" అన్నాను. ఎవరికీ వినబడలేదు. మళ్ళీ అన్నాను. "ఈ బతుకమ్మను పేర్చింది నేను."

జానయ్య గారు తిరిగి చూశారు. "మీరా? మీరెందుకు పేర్చిండ్రు మేడం?"

"బండి ఆగాలని."

"బండి ఆగాలని మా బతుకమ్మను అడ్డం బెట్టిండ్రా?"

ఇరవై ఏళ్ళుగా ఆ ఇంటితో రాకపోకలున్నాయి. ప్రాంతాల లెక్కన మా, మీ అన్న మాట ఆయన నోట వినడం అదే మొదలు. "ఆంధ్రోళ్ళకు బతుకమ్మ ఆటైపాయె" అని వెనకనుంచి ఎవరో అన్నారు. ఎవరో నేను చూడలేదు. చూసినా పేరు రాయను. త్రినాథరావు గారి చేతిలో అప్పుడే ఎవరో అమ్మవారికని తెచ్చిచ్చిన కొబ్బరికాయ ఉంది. దాన్ని కొట్టాలో జేబురుమాలులో చుట్టేయాలో తెలియక అలాగే పట్టుకుని నిలబడ్డారు. నన్ను ఎవరూ తోయలేదు. ఎవరూ కొట్టలేదు. బండి మీద రాయి పడిందని కాలనీలో అనుకుంటున్నారట, అది అబద్ధం.

జానయ్య గారు పళ్ళెం తీయబోయారు. అప్పటిదాకా ఒడ్డున కూర్చున్న అండాలమ్మ గారు లేచి వచ్చారు. వంగి బతుకమ్మను నాలుగు పక్కలా చూశారు. "గిట్ల వంకర పేర్చినవేందే పంతులమ్మా? గునుగుకు రంగు గూడ అద్దకపోతివి" అన్నారు. తర్వాత గౌరమ్మ దగ్గర మొహం పెట్టి చూసి, నాకు మాత్రమే వినబడేలా, "పిండి గలిపినవా?" అన్నారు. తలూపాను.

"అవ్వా, జర జరుగు, తీసేస్త" అన్నారు జానయ్య గారు.

"ఎవడ్రా తీసేటోడు? అలిగిననాడు ఆడొద్దు. ఆడకుండ ఎత్తొద్దు. పేర్చినామెనే ఎత్తాలె, ఇంకోలు ఎత్తొద్దు."

"ఆమె ఎరకలేక పేర్చిందే అవ్వా."

"ఎరకలేక పుట్టిన బిడ్డను ఊకె పారేస్తరా? రేపు ఆడుదురు తియ్యి."

"రేపటికి బండి ఉండదు గద!"

"బండి లేకుంటె లేకపాయె. మీ తాత బండి దెచ్చిండారా బతుకమ్మ ఆడనీకి?"

ఆడవాళ్ళు నవ్వారు. సైదులు చెప్పులు వేసుకుని బండి ఎక్కి వెనక్కి తిప్పాడు. మిగిలినవాళ్ళు ఆ పూటకు కాలనీ మోరీలు తీశారు. జమ్ము ముట్టుకోలేదు.

పేర్చిన మనిషే ఎత్తాలన్న నియమం అంతకుముందు నేను వినలేదు. అది నిజంగా ఉన్నదో, అండాలమ్మ గారు అప్పటికప్పుడు అన్నదో నాకు తెలియదు. ఆవిడ ఎందుకు అన్నారో అంతకన్నా తెలియదు.

మధ్యాహ్నం త్రినాథరావు గారు మా ఇంటికి వచ్చారు. కుర్చీలో కూర్చోలేదు. "ఏంటమ్మా ఇది? ఇంత చదువు చదివి చేసే పనేనా? నువ్వొక్కదానివి చేశావని ఎవరనుకుంటారు? మనవాళ్ళందరికీ చుట్టుకుంటుంది. నేను స్టేషన్లో కాగితం ఇస్తున్నాను. నిన్ను లోపల వేయించాలని కాదమ్మా. మనవాళ్ళం ఇందులో లేమని ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి" అన్నారు. ఆయన మీద నాకు కోపం లేదు. భయపడిన మనిషి ఇచ్చిన ఫిర్యాదుగానే దీన్ని చూడాలని మనవి. మా ఆయన నాతో నిన్నటినుంచి మాట్లాడలేదు. ఈ ఉదయం నన్ను ఇక్కడ స్కూటరు మీద దింపారు, బయట వేపచెట్టు కింద నిలబడి ఉన్నారు.

ఈ రోజు పదకొండు గంటలకు ఎస్.ఐ. గారు అందరినీ కూర్చోబెట్టి రాజీ చెప్పారు. నేను రెండు వాక్యాలు రాసిస్తే ఫిర్యాదు వెనక్కి తీసుకుంటామని త్రినాథరావు గారు, జానయ్య గారు ఒప్పుకున్నారు. తెలియక చేశానన్నది ఒకటి. ఈ సాయంత్రమే బతుకమ్మను నా చేత్తో ఎత్తి నీళ్ళలో వదిలి, ఇక సంఘం పనికి అడ్డు రానన్నది రెండోది. అలా రాస్తే రేపు పొద్దున సైదులు బండి మళ్ళీ తెస్తాడట. అడిగి ఒప్పించారట. సద్దులనాటికి మెట్లు కాకపోయినా ఒడ్డు అయినా చదునవుతుందట. జానయ్య గారు నాకు టీ తెప్పించారు. గ్లాసు అందిస్తూ, "మీరు ఇంటికి బోయి జర పండుకోండ్రి మేడం. మొఖం సూస్తె భయమైతున్నది" అన్నారు.

గుడ్లు పిల్లలయ్యేదాకా ఆగండి, ఆ తర్వాత జమ్ము సగం తీయండి, గంప నేనూ మోస్తాను అని మళ్ళీ అడిగాను.

"సద్దులయినంక ఘాట్ ఎందుకు మేడం? ఇయ్యేడు అందరు కలిసి ఆడకపోతె మల్ల యాడాదికి ఎట్లుంటదో ఎవలకెర్క?" అన్నారు.

అది నిజం. ఆయన కూతురికి మళ్ళీ జ్వరం వస్తే దాంట్లో నా వంతూ ఉంటుంది. ఒక పక్షి కోసం కాలనీని విడగొట్టానని రేపు ఎవరైనా అంటే కాదని ఎలా అనగలను? పక్షులకు ఇంకో కుంట ఉందేమో. ఉంటే ఎక్కడుందో నాకు తెలియదు. సరూర్‌నగర్ చెరువు దాకా ఎగిరిపోవచ్చు. గుడ్లు ఎగరలేవు.

ఒంటిగంటకు అండాలమ్మ గారు నాకు టిఫిన్ క్యారియరు తెచ్చారు. బస్సుల్లేవు, షేరాటోలో వచ్చారట. లోపలికి వస్తూనే కానిస్టేబులుతో, "ఏం సారూ, మా పంతులమ్మను ఏం జేస్తున్నరు? పరీక్ష రాయిస్తున్నరా?" అన్నారు. ఆయన నవ్వి కుర్చీ వేశారు.

"పొద్దుగాల బోయి సూసిన" అన్నారు నా పక్కన కూర్చుని. "పూలు వాడినయ్. గౌరమ్మ మంచిగనే ఉన్నది, పిండి గలిపితివి గద. నీ బుడుబుంగ గూడ ఆడనే ఉన్నది. నేను దగ్గరికి బోతె లేసిపోయింది. పోయేటప్పుడు కప్పుకొని పోయింది. ఇగ సూస్తె ఏమున్నది, చెత్తనే."

"మీకు కనబడిందా?" అన్నాను.

"కనబడక?"

"అమ్మా, పేర్చిన మనిషే ఎత్తాలని నిజంగా ఉందా?"

"ముందుగాల బువ్వ తిను" అన్నారు. డబ్బా మూత తీశారు. నేను రెండు ముద్దలు తిన్నాక, "ఇయ్యాల పొద్దుగూకినంక మేమొచ్చి ఆడుతం. ఆడుడు మా పని. ఎత్తుడు నీ పని. ఎత్తుమని అన, ఎత్తొద్దని అన. జానిగాడు నా కొడుకు, నువ్వు నా ఎదురింటి దానివి. నన్ను నడుమ నిలబెట్టకు" అన్నారు. నిలబెట్టనన్నాను. గిన్నెలు నేనే కడిగి ఇచ్చాను.

ఇప్పుడు నాలుగు దాటింది. పొద్దు పోయాక ఆడవాళ్ళను స్టేషన్లో ఉంచకూడదని, రెండు వాక్యాలు త్వరగా రాసి సంతకం పెట్టి వెళ్ళమని ఎస్.ఐ. గారు రెండుసార్లు చెప్పారు. రాయకపోతే ఫిర్యాదు మీద కేసు కడతామని, కాలేజీకి కూడా తెలుస్తుందని మంచిమాటగానే చెప్పారు. అర్థమైంది.

మొదటి వాక్యం రాస్తున్నాను. నిన్న బతుకమ్మ పేర్చకూడని రోజని తెలియక పేర్చాను. దానివల్ల మనసు నొచ్చుకున్న ప్రతి ఒక్కరినీ, ముఖ్యంగా జానయ్య గారిని, క్షమించమని అడుగుతున్నాను. అవమానించానా అన్నదానికి వాళ్ళ జవాబే జవాబు. నాది కాదు.

రెండో వాక్యం కోసం ఎస్.ఐ. గారు ఈ కాగితం అడుగున మూడు వరుసలు ఖాళీ వదలమన్నారు. వదిలాను. ఈ సాయంత్రం అండాలమ్మ గారు వాళ్ళు ఆడుతుంటే నేనూ వెళ్తాను. చుట్టూ తిరగనిస్తే తిరుగుతాను. చప్పట్లు నాకు సరిగ్గా కొట్టడం రాదు. ఆట అయ్యాక అందరూ నా వైపు చూస్తారు. నేను ఎత్తను. రేపూ ఎత్తను. జమ్ములో ఆ చెత్త ఖాళీ అయిన రోజున, ఎవరూ అడగకుండానే, వచ్చి ఎత్తి నీళ్ళలో సాగనంపుతాను. ఇది సరైన పనే అని నేను అనడం లేదు. చేస్తానని మాత్రమే చెబుతున్నాను.

పైన రాసింది ఎవరూ బలవంతపెట్టకుండా నా చేత్తో రాసింది. చూసింది చూసినట్టు, చేసింది చేసినట్టు రాశాను. తెలియనివి తెలియవనే రాశాను. అంతవరకు ఇది నిజం. కింద వదిలిన మూడు వరుసల ఖాళీలో తర్వాత ఎవరూ ఏమీ చేర్చకుండా, ఈ మూలనుంచి ఆ మూలకు నేనే అడ్డంగీత కొట్టి, ఆ గీత కింద సంతకం చేస్తున్నాను.

(సం.) వేదవతి